కొసరు దెబ్బ

“ఒక్కో చోట ఎన్ని దెబ్బలు కొట్టినావు రఫీక్?”

ఆదోని ఎస్సై కృపమ్మ ఈ మాట అడగడం మూడోసారి. యెమ్మిగనూరు స్టేషన్ లాకప్‌లో గోడకు ఆనుకుని కూర్చున్న రఫీక్ తల ఎత్తలేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. చిన్నప్పటినుంచి ఆదోని మార్కెట్ యార్డులో మూటలు మోసి మోసి మెడా భుజాలూ ఒకటైపోయినట్టుంటాయి. ఇప్పుడు ఆ భుజాలు ముందుకు వాలిపోయి ఉన్నాయి.

“పది మేడమ్. మోయిన్ పదే కొట్టమనేటోడు.”

“నువ్వు పదే కొడ్తాంటివా?”

రఫీక్ గచ్చు వైపు చూశాడు. “పది. దాని మీద ఒకటి.”

బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటున్న ఆ స్టేషన్ ఎస్సై లోకేష్ నవ్వాడు. “రాసుకోండి మేడమ్. తగువంతా ఆ ఒక్కదాని మీదే.”

గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. రఫీక్‌ను నిన్న సాయంత్రం ఐదుకు అరెస్టు చేశారు. ఈ రోజు ఆదివారమైనా సరే, ఐదులోపల మేజిస్ట్రేటు ఇంటి దగ్గర హాజరు పరచాలి. అక్కడినుంచి జైలు. ఒకసారి మనిషి జైలుకు పోయాక కొత్త సాక్ష్యం వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. కానిస్టేబులుగా మొదలుపెట్టి ఎస్సై అయ్యేసరికి కృపమ్మ అలాంటివి చాలా చూసింది.

చనిపోయినవాడు మోయిన్. ఆదోని కరీం సాబ్ ఒక్కగానొక్క కొడుకు, ఇరవై ఏడేళ్లు. నేల పైన కొట్టి నేల లోపల ఏముందో చెప్పే పని అతనిది. ఆదోని నుంచి యెమ్మిగనూరుకు వచ్చే దారిలో ఈరలదొడ్డి అనే ఊరుంది. అక్కడ గోవిందన్న అనే రైతు చేనులో గాలిమర పెట్టడానికి నేల గట్టిదా కాదా చూడటానికి శుక్రవారం పొద్దున పోయాడు. సమ్మెట కొట్టడానికి రఫీక్‌ను వెంట తీసుకుపోయాడు. రాత్రి ఎనిమిదైనా కొడుకు రాలేదని కరీం సాబ్ ఆదోనిలో కృపమ్మ దగ్గరికి వచ్చాడు. శనివారం తెల్లవారి పత్తి సాళ్ల మధ్య టార్పాలిన్ కింద మోయిన్ శవం దొరికింది. తల వెనక పగిలింది. చేను యెమ్మిగనూరు స్టేషన్ కిందికి వస్తుంది కాబట్టి కేసు లోకేష్ చేతికి పోయింది.

ఈ పొద్దున కృపమ్మ బయలుదేరేటప్పుడు కరీం సాబ్ జీపు తలుపు పట్టుకుని అన్న మాట ఒకటే. “రఫీక్ నా బిడ్డను భుజాల మీద తిప్పినోడు బేటీ. ఒకడు పోయినాడు. రెండోవాణ్ని కూడా తీస్కపోవద్దని చెప్పు.”

ఆమె కుర్చీ ఊచల దగ్గరికి జరుపుకుంది. “ఆ ఒకటి ఎందుకు?”

“కొసరు మేడమ్.” రఫీక్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. “మా తాత, మా నాయన, నేను, అందరం యార్డులో శెనక్కాయలు కొలిచినోళ్లమే. పది పడులు కొలిస్తే మీద కొసరు ఎయ్యాల. ఎయ్యకుంటే చెయ్యి ఆగదు. మోయిన్‌కు కోపం. పదంటే పదే, నీ కొసరు ఎవడడిగినాడు అని అరిచినాడు. ఆడ పత్తి విడిపించే ఆడోళ్లంతా నవ్వినారు.”

“అదెన్ని గంటలకు?”

“పది కొట్టింటాది.”

“నీకు కోపం రాలేదా?”

“వచ్చింది. నేనెత్తుకోని తిప్పిన పిల్లోడు పదిమందిలో తిడ్తే రాదా?” అని ఆగాడు. “అయినా వాడు నా పిల్లోడే కదా మేడమ్.”

మిగతాది అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పన్నెండుంబావు దాటాక సమ్మెట పక్కన పెట్టి, జుమ్మా నమాజుకని షేర్ ఆటో ఎక్కి యెమ్మిగనూరు వచ్చాడు. వచ్చేసరికి ఆలస్యమైంది. బట్టలకంతా మట్టి. లోపలికి పోవడానికి మనసొప్పక మసీదు బయట కొళాయి దగ్గర కూర్చుండిపోయాడు. ఎవరూ పలకరించలేదు. రెండున్నరకు చేనుకు తిరిగి పోతే మోయిన్ లేడు, బైకు లేదు, ల్యాప్‌టాప్ లేదు. అలిగి ఆదోనికి పోయినాడనుకున్నాడు. వైర్లు చుట్టుకుని, సమ్మెట, పెట్టె గోనెసంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు.

“ఆ సమ్మెట పిడి సందులో రక్తం,” అన్నాడు లోకేష్. “పిడంతా ఇతని వేలిముద్రలు. బైకు కల్వర్టు కింద దొరికింది. డాక్టరు పన్నెండుకూ రెండుకూ మధ్య అంటున్నాడు. మసీదు దగ్గర చూసినవాడు ఒక్కడు లేడు. ఇంకేం కావాలి మేడమ్ మీకు?”

“సమ్మెటతో పాటు దొరికిన ఆ పసుప్పచ్చ పెట్టె ఒకసారి కావాల.”

“ఆ డబ్బానా? తీసుకోండి. దాంట్లో మట్టి తప్ప ఏం లేదు.”

*

రూప మోయిన్‌తో కలిసి చదివి, కలిసి పని మొదలుపెట్టిన పిల్ల. శుక్రవారం ఆదోనిలో ఆఫీసు పని చూసుకుంటూ ఉండిపోయింది. రెండు రోజులుగా నిద్రలేదని కళ్లు చెబుతున్నాయి. ఆమె సీలు ఉన్న పెట్టెను లోకేష్ ఎదుటే విప్పించి, తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది.

“కొట్టిన ప్రతి దెబ్బా దీంట్లో ఉంటుంది మేడమ్, టైముతో సహా. చంపినవాళ్లు ల్యాప్‌టాప్ ఎత్తుకుపోతే అంతా పోయిందనుకున్నారేమో. పెట్టెకు సొంత జ్ఞాపకం ఉంది.”

తెర మీద సన్నని గీతలు వరసగా లేచాయి. కృపమ్మ డైరీ వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకుంటూ పోయింది. తొమ్మిదీ పది. పదకొండు దెబ్బలు. తొమ్మిదీ ఇరవై రెండు. పదకొండు. పది దాటాక, అంటే తిట్లు పడ్డాక, పదీ పదహారు. పదకొండు. అలా పన్నెండూ పద్నాలుగు దాకా ఎక్కడా తప్పలేదు.

తర్వాతది పన్నెండూ నలభై ఒకటి. రూప గీతలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“పదే.”

పన్నెండూ నలభై తొమ్మిది, పది. పన్నెండూ యాభై ఎనిమిది, పది.

“దెబ్బకూ దెబ్బకూ ఎంత సేపుంది?” అంది కృపమ్మ.

“పొద్దున నాలుగు సెకన్లు. ఈ మూడింటికీ ఎనిమిది. దెబ్బలో బలం కూడా సగమే.”

లోకేష్ వంగి చూశాడు. “తిట్లు తిన్నాడు కదా, మానుకున్నాడు. అలసిపోయాడు, నెమ్మదిగా కొట్టాడు. దీనికింత చర్చ ఎందుకు?”

“తిట్టినాక రెండు గంటలు మానలేదప్పా. చంపబోయే ముందర బుద్ధి తెచ్చుకున్నాడంటావా?”

“మోయినే కొట్టి ఉండొచ్చు.”

“కుదరదు సార్,” అంది రూప. “దెబ్బ దెబ్బకూ ల్యాప్‌టాప్‌లో చూసి సరే అనాలి. ఇద్దరుండాలి.”

“అయితే ఆ రెండోవాడెవడు?”

“అదే నేనూ అడిగేది,” అంది కృపమ్మ.

రూప వేలు తెర మీద ఆగిపోయింది. చివరన ఇంకొకటుంది. ఒంటిగంట నలభై ఎనిమిది. గీతలు ముందువాటిలా లేవు. ఒకటి మొద్దుగా లేచింది. మూడు సెకన్ల తర్వాత రెండోది, మొదటిదానికంటే వెడల్పుగా. ఆపైన ఏమీ లేదు.

“ఇది సమ్మెటతో కొట్టే ఇనుప పలక మీద దెబ్బ కాదు.” రూప వేలు వెనక్కి తీసుకుంది. “పలక పక్కన నేల అదిరితే చాలు, పెట్టె దానంతటదే రాసుకుంటుంది. ఇది... ఏదో బరువు పడింది మేడమ్. మోకాళ్ల మీద ముందు. తర్వాత మొత్తం.”

ఊచల వెనక రఫీక్ మోకాళ్ల మధ్య తల దూర్చుకున్నాడు. అతనికి తెర కనపడదు. మాటలు వినపడ్డాయి.

లోకేష్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. “మట్టితో సాక్ష్యం చెప్పిస్తారన్నమాట. పదండి, చేనుకు నేనూ వస్తా. ఐదు కొడితే మాత్రం ఇతను మేజిస్ట్రేటు ముందుంటాడు.”

*

వాళ్లు ఈరలదొడ్డి చేరేసరికి పన్నెండూ యాభై. గోవిందన్న గట్టు మీద బైకుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అరవై దాటినా నిటారు మనిషి. తెల్ల పంచె మీద మరక లేదు.

“పాపం, బంగారట్లాంటి పిల్లోడు మేడమ్,” అన్నాడు ముందుగానే. “మా చేనులో ఇట్ల జరిగె. నిన్నటి నుంచి ముద్ద దిగడంల్యా.”

“శుక్రవారం యాడుండావన్నా?”

“ఆదోని యార్డులో. పత్తి ఏసకపోయింటి.” జేబులోంచి చీటీ తీశాడు. గేటు చీటీ. లోపలికి పోయిన టైము పదీ ఇరవై. కృపమ్మ చీటీ వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పింది. బయటికి వచ్చిన టైము లేదు.

“బయటికెప్పుడు వస్తివి?”

“నాలుగైంటాది. పోయేటప్పుడు యాడ సూస్తారు మేడమ్ వాళ్లు.”

“మీ ఇంట్లోవాళ్లు ఎవరన్నా ఈడికి వచ్చినారా ఆ పొద్దు?”

“ఇంట్లో ఉండేది మా తమ్ముని పెండ్లాం నాగమ్మ ఒక్కతే. ఆయమ్మ పత్తి విడిపించేకి పోతాది. ఈ పక్కకు రాదు.”

“తమ్ముడు?”

“ఓబన్న. తొమ్మిదేండ్లాయె సుగ్గికని, కూలి వలసకు, గుంటూరు పక్కకు మిరపకాయలు కోసేకి పోయె. నేనే లారీ ఎక్కించి వస్తి. మళ్ల రాలా.” గోవిందన్న పంచె చివర సర్దుకున్నాడు. “తాగుబోతు మేడమ్. ఆడ ఎవరితోనో ఉండాడని సెప్తారు.”

కృపమ్మ బూటుతో నల్లమట్టిని తట్టింది. డిసెంబరు ఎండకు నెర్రెలు విచ్చిన రేగడి. “గాలిమరకు గట్టి నేల కావాలంట. ఈ చేను కింద రాయేమన్నా తగుల్తుందా అన్నా?”

“రాయీ లేదు, బావీ లేదు. మా తాత కాలం నుంచి వాన మీద సేద్యమే. ఇరవై అడుగులు తవ్వినా రేగడే.”

ఆమె తల ఊపింది. పెన్సిలుతో రెండు మాటలు రాసుకుంది. బర్రెలకు నీళ్లు పెట్టాలని చెప్పి గోవిందన్న బైకు తీశాడు. పొగ కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

“పెద్దమనిషి,” అన్నాడు లోకేష్.

“నేను రాయి సంగతి అడిగినా. బావి సంగతి అడగలేదు.”

లోకేష్ వెనక్కి తిరిగి బైకు పోయిన దారి చూశాడు.

శుక్రవారం మోయిన్ పెట్టిన గుర్తులు సున్నం చుక్కలుగా ఇంకా ఉన్నాయి. రూప ఆ వరసలోనే ఇరవై నాలుగు జియోఫోన్లు గుచ్చింది. నేల అదురును పట్టే బొంగరాల్లాంటివి, కింద మేకుంటుంది. మీటరుకొకటి. చివరన ఇనుప పలక. స్టేషన్ నుంచి తెచ్చిన వేరే సమ్మెటతో కానిస్టేబుల్ కొట్టాడు. కొట్టినప్పుడల్లా పెట్టె మీద పచ్చదీపం మిణుకుమంది.

“దెబ్బ కొడితే అల పైపైన పాక్కుంటూ పోతుంది మేడమ్. పొట్టి అల పైమట్టిలోనే పోతుంది. పొడుగు అల లోతుగా తడుముకుంటూ పోతుంది. మెత్తటి చోట మెల్లగా నడుస్తుంది, గట్టి చోట పరుగెత్తుతుంది. ఏ అల ఎంత వేగంగా పోయిందో చూస్తే, ఏ లోతులో ఏముందో తెలుస్తుంది.”

కృపమ్మ గట్టు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటోంది. “మా అవ్వ మడమతో తొక్కేది. జొన్నల పాతర యాడ పూడ్చినారో మరిచిపోతే, చేనంతా తొక్కుకుంటా పోయి, ఈడ తవ్వండి అనేది. ఎప్పుడూ తప్పలేదు.”

“ఇదీ అదే. మీ అవ్వకు వైర్లు లేవు, అంతే.” రెండు రోజుల్లో రూప ముఖం మీద మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. తెర చూడగానే పోయింది.

“ఏమ్మా?”

“ఈ మట్టిలో అల సెకనుకు నూటముప్పై మీటర్లు పోవాలి. తొమ్మిదో మేకు నుంచి పద్నాలుగో మేకు దాకా, ఛాతీ లోతులో, తొమ్మిదివందలు దాటుతోంది. చాలా గట్టిది. మందం అడుగు కూడా లేదు.”

“రాయే కదా,” అన్నాడు లోకేష్.

“రాయైతే కింద కూడా రాయే ఉండాలి సార్. దీని కింద మళ్లీ మెత్తన. పైమట్టి కంటే మెత్తన.” తలెత్తి ఇద్దరినీ చూసింది. “సిమెంటు పలక అని ఒట్టేసి చెప్పలేను. పదహారడుగుల వెడల్పున గట్టి మూత ఒకటుంది, దాని కింద గట్టితనం లేదు. అంతవరకు చెప్పగలను. మోయిన్ కూడా ఇదే చూసి ఉంటాడు.”

“తవ్వాలంటే తహసీల్దారు రావాలి. రేపటి మాట,” అని లోకేష్ గడియారం చూసుకున్నాడు. రెండూ ముప్పావు. “మేడమ్, మీకు గొయ్యి దొరికింది. నాకు దోషి ఉన్నాడు. రెండూ వేరు.”

“వేరనుకుంటే నువ్వు ఇంతసేపు ఈడెందుకుంటావప్పా?”

“మీరు పొరపాటు పడితే చూద్దామని.”

“చూడు. చూసేకి డబ్బులడగను.”

*

సమ్మెట మోత విని కాబోలు, పక్క చేను నుంచి ఒక ఆడమనిషి వచ్చి గట్టు మీద నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. నడుముకు పత్తి ఒడి కట్టుకుని ఉంది. ఎవరినీ పలకరించలేదు. ఏడో మేకు ఒక పక్కకు ఒరిగి ఉంటే, వంగి, వైరు లాగకుండా మేకు మొదట్లో పట్టుకుని, నిలువుగా నొక్కి, చుట్టూ మట్టి వేళ్లతో అదిమింది. రూపకు ఇంతకుముందు కానిస్టేబులుకు ఇదే పని నేర్పించడానికి పావుగంట పట్టింది.

కృపమ్మ లేవలేదు. “ఎవరు నేర్పించిరమ్మా?”

“ఏంది?”

“అది నిలబెట్టేది.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. రోడ్డు వైపు చూసింది. “నేను ఈడికి రాలేదు.”

“వచ్చినావని నేననలేదే. నీళ్లుంటే కొంచెం పొయ్యి.”

ఆమె సీసా అందించింది. కృపమ్మ తాగి, సీసా తిరిగి ఇవ్వకుండా పక్కన పెట్టుకుంది. సీసా కోసమైనా ఆమె నిలబడాలి. లోకేష్ నోరు తెరిస్తే కృపమ్మ చూపుతోనే ఆపింది.

“ఆ పిల్లోని అమ్మ వచ్చిందా?” అంది ఆమె చివరికి.

“అమ్మ లేదు. చిన్నప్పుడే పోయింది. నాయనుండాడు.”

“ఆకలైతాందక్కా అన్నాడు.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అన్నం తెస్తానని పోతి. తేలేదు.”

ఆమె నాగమ్మ. గోవిందన్న తమ్ముని భార్య. మాట ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. రఫీక్ నమాజుకు పోయాక ఆమె ఈ గట్టు మీదుగా ఇంటికి పోతోంది. మోయిన్ పిలిచాడు. అక్కా, ఒక్క అరగంట కొట్టిపెట్టు, పదే కొట్టు, పదకొండో దెబ్బ కొడ్తే నాకు పిచ్చెక్కుతాది అని నవ్వాడు. మేకులు మార్చి గుచ్చడం చూపించాడు. మూడుసార్లు కొట్టింది. పదే. ఒక్కటి ఎక్కువ కొట్టలేదు.

“తర్వాత?”

“పెట్టె దిక్కు సూసి, ఈడ బావి ఉండెనా అక్కా అన్నాడు. ఉండె. మా ఆయప్ప తన చేతులార తవ్వినాడు. ముప్పై అడుగులు. కింద రాయి తగిలిందని, నీళ్లు పడవని, బావ పూడిపిచ్చినాడు. ఆ యేడే మా ఆయప్ప సుగ్గికి పోయె. అదే సెప్తి. ఆ పిల్లోడు తల ఊపి, రాయి కాదక్కా, మూతేసినట్టుంది, కింద గుల్లగుంది అన్నాడు.”

“ఆ మాట ఇంకెవరికన్నా సెప్పినావా నాగమ్మా?”

“బావకు సెప్తి. ఇంటికి పోయి ఫోన్ చేస్తి. చేను ఆయనదే కదా. మీ బావి కనపడిందంట బావా, గుల్లగుందంట, నీళ్లుంటాయేమో అని.” ఆమె గొంతులో ఇప్పటికీ ఆ శుభవార్త చెప్పిన ఛాయ మిగిలే ఉంది. “కొంచెం సేపు పలకలా. మళ్ల, నువ్వు అన్నం ఏం తీస్కపోవద్దు, కంపెనీవోళ్లు హోటల్లో తింటారు, నువ్వు పత్తికి పో అన్నాడు. ఆ పిల్లోడు సచ్చిపోయినాక, నువ్వు చేనులో ఉండినావని సెప్పొద్దు, పోలీసోళ్లు ఆడోళ్లను స్టేషన్ల సుట్టూ తిప్పుతారన్నాడు.”

కృపమ్మ చెయ్యి చాపింది. నాగమ్మ ఒడిలోంచి చిన్న బటన్ల ఫోన్ తీసి ఇచ్చింది. శుక్రవారం. బావ. ఒంటిగంటా ఆరు నిమిషాలు.

కృపమ్మ డైరీ అట్ట లోకేష్ ముందు పెట్టింది. ఒంటిగంటా ఆరుకు ఫోన్. యార్డు నుంచి ఈ చేనుకు బైకు మీద నలభై నిమిషాలు. ఒంటిగంటా నలభై ఎనిమిదికి నేల మీద పడిన బరువు. లోకేష్ మూడు అంకెలూ చదివాడు.

“ఈమె కొట్టిందని ఈమె మాటే కదా,” అన్నాడు, కానీ ఆ గొంతులో ఇంతకుముందున్న ధీమా లేదు.

“సమ్మెట ఇయ్యప్పా ఆయమ్మకు.”

నాగమ్మ కొంగు నడుముకు దోపుకుంది. సమ్మెట భుజం దాకా ఎత్తి, ఊపిరి పీల్చి, దించింది. మళ్లీ ఎత్తింది. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. పదో దెబ్బ పడగానే సమ్మెట నేల మీద ఆనించి, చాలా అన్నట్టు రూప వైపు చూసింది. రఫీక్ చెయ్యి అయితే ఇంకొకసారి లేచేది.

రూప పాత గీతలు, కొత్త గీతలు ఒకదాని కింద ఒకటి పెట్టింది. “ఎనిమిది సెకన్లు. బలం కూడా అంతే. ఈమే మేడమ్.”

లోకేష్ పక్కకు తిరిగి సెల్ తీశాడు. “రఫీక్‌ను బండెక్కించొద్దు. నేను చెప్పేదాకా.” పెట్టేసి, కృపమ్మ వైపు చూడకుండానే అన్నాడు, “గోవిందన్నను తీసుకొస్తా.”

“ఉండు. ఈ ఊర్లో మాట పోయేకి అరగంట చాలు. నాగమ్మ సమ్మెట పట్టుకుందని ఈపాటికి ఆయనకు తెలిసుంటాది.”

ఆమె మాట పూర్తయిందో లేదో, చేతిలోని ఫోన్ మోగింది. తెర మీద ‘బావ’. మూడూ యాభై రెండు. కృపమ్మ స్పీకర్ బటన్ నొక్కి నాగమ్మ చేతికిచ్చింది.

“నాగమ్మా, యాడుండావు?”

“పత్తి కాడ బావా.” అబద్ధం చెప్పినందుకు నాగమ్మ ముఖం ఎర్రబడింది.

“ఒంటిగా ఉండావా? సరే, ఇను. ఎవరికీ సెప్పొద్దు. ఓబన్న కనపడినాడంట.”



“యాడ బావా?”

“గుంటూరు పక్కన. మిరప కల్లంలో. మనోళ్లు సూసి ఫోన్ చేసిరి. మనిషి బాగల్యాడంట, నిన్నే అడుగుతాండాడంట. సుగ్గికి పోయే లారీ ఒకటి ఆరు గంటలకు రోడ్డు మీదికి వస్తాది. నేనే వచ్చి ఎక్కిస్తా. ఫోన్ ఇంట్లో పెట్టి రా. పోలీసోళ్ల కంట పడద్దు.”

నాగమ్మ ఫోన్‌ను ఇంకా దగ్గరికి తీసుకుంది. పెదవులు కదులుతున్నాయి. తొమ్మిదేళ్ల కిందట ఓబన్నను లారీ ఎక్కించిన మనిషి ఇప్పుడు ఆమెను ఎక్కించడానికి వస్తున్నాడు. రూప నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చెప్పేయండి అన్నట్టు కృపమ్మను చూసింది.

ఓబన్న ఆ మూత కిందే ఉన్నాడేమోనని చెబితే ఇక్కడే కూలిపోతుంది. ఫోన్‌లో ఆ ఏడుపు వింటే గోవిందన్న ఆరు కొట్టేలోపల ఏ కర్ణాటక పల్లెకో దాటిపోతాడు. గేటు చీటీ ఒకటి, ఫోన్ కాల్ ఒకటి, తెర మీద కొన్ని గీతలు. వాటితో అతన్ని పట్టుకోలేరు. రోడ్డు మీద లారీ పక్కన, ఈమె చెయ్యి పట్టుకుని ఉన్నప్పుడైతే పట్టుకోగలరు.

కృపమ్మ చప్పుడు లేకుండా, పెదవులతో మాత్రమే చెప్పింది. వస్తానని సెప్పు.

“వస్తా బావా,” అంది నాగమ్మ.

ఫోన్ ఆగిపోయింది. ఆమె దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. మెళ్లోని పుస్తెలు తడిమి చూసుకుంది.

“మా ఆయప్ప దొరికినాడంట మేడమ్,” అంది కృపమ్మతో. “ఇంటికి పోయి మంచి కోక కట్టుకోని వస్తా. నన్ను సూసి తొమ్మిదేండ్లాయె కదా. ఇట్ల పత్తి ఒడితో పోతే నవ్వుతాడు.”

ఆమె ఒడి విప్పి గట్టు మీదికి విసిరింది. వైరు తొక్కకుండా జాగ్రత్తగా, మేకుల పక్కనే నడుచుకుంటూ పోయింది. తొమ్మిదో మేకు. పదో మేకు. పదకొండు. ఆమె అడుగు పడినప్పుడల్లా పెట్టె మీద పచ్చదీపం మిణుకుమంటోంది. రూప ఆపబోయి, చెయ్యి దించేసింది. పెట్టె రాసుకుంటూనే ఉంది.